‘మీరు కంప్యూటర్ చెప్పిందే నమ్ముతారు కదా టీచర్!’

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక సైన్స్ టీచరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పందొమ్మిదేళ్ల సర్వీసు. తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతారు. మూడు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది, అంటే దిద్దాల్సినవి నూట ఇరవై నోటు పుస్తకాలు. పోయిన ఏడాది నుంచి ఫోన్‌లో ఒక ఏఐ యాప్ వాడుతున్నారు. మొదట లెసన్ ప్లాన్ల కోసం మొదలుపెట్టారు. తర్వాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబుల ‘కీ’లు, ఆఖరికి పిల్లల ప్రాజెక్టు పుస్తకాల్లో రాసే రిమార్కులు కూడా దానితోనే రాయిస్తున్నారు. ‘రాత్రి పదకొండింటికి పడుకోగలుగుతున్నాను. నాకది చిన్న విషయం కాదండీ’ అని రాశారు.

ఈ నెల రోజుల్లో వరసగా మూడు జరిగాయి.

ఒక అబ్బాయి ఉష్ణప్రసారం మీద రెండు పేజీల ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసి తెచ్చాడు. ఎప్పుడూ అరపేజీ దాటి రాయని పిల్లవాడు. అనుమానం వచ్చి, ఏఐ రాతను కనిపెడతామని చెప్పుకునే ఒక వెబ్‌సైట్లో పెట్టి చూశారు. ‘87 శాతం ఏఐ’ అని వచ్చింది. క్లాసులో అందరి ముందూ లేపి అడిగారు. ‘నేనే రాశాను టీచర్’ అన్నాడు. సున్నా వేశారు. వాళ్ల నాన్నగారిని పిలిపించారు.

తర్వాత కొద్ది రోజులకు, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు అమ్మాయిలు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఇద్దరికీ ఒకటే రిమార్కు: ‘నీ ఆలోచనా విధానం ప్రశంసనీయం. భావనలను నిజజీవితానికి మరింతగా అన్వయించడానికి ప్రయత్నించు.’ పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరు వినీ విననట్టు ఊరుకున్నారు.

మూడోది యూనిట్ టెస్టు. ‘నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత?’ అని ఒక మార్కు ప్రశ్న. ఏఐ ఇచ్చిన కీలో ‘సున్నా’ అని ఉంది. కీ పక్కన పెట్టుకుని గబగబా దిద్దేశారు. పేపర్లు పంచాక ఒక అమ్మాయి లేచి, ‘అక్కడ సున్నా అయ్యేది వేగం కదా టీచర్, త్వరణం 9.8 అలాగే ఉంటుంది కదా’ అంది. నిజమే. పందొమ్మిదేళ్లుగా ఆవిడ చెబుతున్నదీ అదే. పేపర్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ దిద్దుతుంటే, ప్రాజెక్టులో సున్నా వేయించుకున్న ఆ అబ్బాయి పేపరు వచ్చింది. 9.8 అని రాసి, పక్కన కిందికి చూపిస్తూ చిన్న బాణం గుర్తు కూడా గీశాడు. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు. పేపరు ఇచ్చిన రోజే ఎందుకు అడగలేదని వాణ్ణి పిలిచి అడిగారు. తల ఎత్తకుండా, ‘మీరు కంప్యూటర్ చెప్పిందే నమ్ముతారు కదా టీచర్’ అన్నాడు.

‘వెటకారంగా అని ఉంటే తిట్టి పంపేదాన్ని. మామూలుగా, రేపు సెలవు అన్నట్టు చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు’ అని రాశారావిడ. ఆవిడ అడిగినవి ఇవి: పిల్లలకు వద్దన్నది నేను వాడుతున్నాను, ఇది మోసం కాదా? ఆ అబ్బాయి విషయంలో ఇప్పుడు ఏం చేయాలి? యాప్ తీసేసి పాత పద్ధతికి వెళ్లిపోవాలా? మీద నుంచి హెడ్‌మాస్టరు గారు, ‘మీకు ఏఐ బాగా వచ్చు కదా, స్కూలుకి రూల్సు మీరే రాసివ్వండి’ అని ఆవిడకే అప్పజెప్పారు. స్టాఫ్‌రూంలో వాళ్లేమో ‘అందరం వాడుతూనే ఉన్నాం, ఎందుకమ్మా అంత టెన్షన్’ అంటున్నారు.

టీచరు గారూ,

మీ ఆరు పేజీల్లో ఐదు పేజీలు ఏఐ గురించే. ఆ అబ్బాయి గురించి ఆఖరి పేజీ ఒక్కటే. నేను ఆ ఆఖరి పేజీ నుంచి మొదలుపెడతాను. రూల్సు వచ్చే నెల రాసినా కొంప మునగదు. వాడి సంగతి మాత్రం ఎన్ని రోజులు నానితే అంత బిగుసుకుపోతుంది.

ముందు ఆ 87 శాతం సంగతి చూద్దాం. థర్మామీటరులో 102 కనిపిస్తే జ్వరం ఉన్నట్టే కదా, ఇదీ అలాంటి అంకే అనుకున్నారు మీరు. చాలామంది టీచర్లు అలాగే అనుకుంటున్నారు. కానీ ఇలాంటి సైట్లు చాలావరకు చేసేది ఒక రకం ఊహ. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా చెప్పగలిగేలా రాత నడుస్తుంటే, వాక్యాలన్నీ ఒకే తీరున సాఫీగా ఉంటే, అది మెషిన్ రాసిందని అంచనా వేస్తాయి. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘ఉష్ణం మూడు పద్ధతులలో ప్రసారం అవుతుంది. అవి ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం.’ దీన్ని మీరు రాసినా, నేను రాసినా, మీ క్లాసులో నలభై మందిలో ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది. పాఠ్యపుస్తకాన్ని భక్తిగా చదివి ఆ భాషలోనే రాసే పిల్లవాడు ఆ సైటు కంటికి మెషిన్‌లా కనపడటంలో వింతేమీ లేదు.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి పరికరం ఒకటి బయటికి తెచ్చింది. ఇంగ్లిషు రాతల మీద వాళ్లు పెట్టుకున్న పరీక్షలోనే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. కచ్చితత్వం తక్కువగా ఉందని చెప్పి అదే ఏడాది జులైలో దాన్ని మూసేశారు. ఆ 9 శాతాన్ని మీ సెక్షనుకి తెచ్చి చూడండి. నలభై మందీ బుద్ధిగా సొంతంగా రాసుకొచ్చినా, వాళ్లలో ముగ్గురో నలుగురో దొంగలైపోతారు. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాల మీద అవి ఏఐ ముద్ర వేశాయి. పరిమితమైన మాటలతో, జాగ్రత్తగా, సాదాగా రాయడమే వాళ్లు చేసిన తప్పు. తర్వాత వచ్చిన పరికరాలు కొంత మెరుగుపడి ఉండొచ్చు. అయినా ఆ అంకె మీకు అనుమానం ఇవ్వగలదు, సాక్ష్యం ఇవ్వలేదు.

వాడు సొంతంగా రాశాడని నేను అనడం లేదు. రాశాడో, రాయించాడో నాకు తెలియదు. ఆ మాటకొస్తే మీకూ తెలియదు. అరపేజీ పిల్లవాడు రెండు పేజీలు తెస్తే అనుమానించడంలో తప్పులేదు. నేనూ ఇరవై ఆరేళ్లు క్లాసు గదిలో నిలబడ్డవాణ్ణే. మా రోజుల్లో ప్రాజెక్టులు అన్నయ్యలూ అక్కయ్యలూ రాసిపెట్టేవాళ్లు, చేతిరాత తేడా చూసి పట్టుకునేవాళ్లం. ఆ చేతిరాతనైనా కంటితో చూసేవాళ్లం కదా. ఇక్కడ మీరు చూసింది మీకు సొంతంగా అర్థం కాని ఒక అంకె. దాన్ని నమ్మి, నలభై మంది ముందు వాణ్ణి నిలబెట్టారు. మీరు సారీ చెప్పాల్సి ఉంటే చెప్పాల్సింది దానికి. ‘నువ్వు నిజంగా రాశావని ఇప్పుడు తెలిసింది’ అని చెప్పలేరు, ఎందుకంటే తెలియలేదు. ‘నా దగ్గర రుజువు లేకుండా నిన్ను శిక్షించాను, అది నా తప్పు’ అని చెప్పగలరు. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. పిల్లలు ఆ తేడా మనకంటే బాగా పసిగడతారు.

ఎక్కడ చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాంట్లో మీకు రెండు మూడు దారులున్నాయి.

వాణ్ణి స్టాఫ్‌రూం బయటికి పిలిచి విడిగా చెప్పొచ్చు. మీకు సులువు, వాడికీ ఇబ్బంది ఉండదు. కానీ అవమానం నలుగురిలో జరిగి, సారీ చాటుగా వస్తే, మిగతా ముప్పై తొమ్మిది మంది దృష్టిలో వాడు ఏఐతో రాయించిన కుర్రాడిగానే మిగిలిపోతాడు. క్లాసులోనే చెప్పొచ్చు. అప్పుడు మీ పట్టు పోతుందని భయపడతారు. నా అనుభవంలో అది మొదటి వారమే. అయితే అందరి ముందూ మరోసారి తన పేరు రావడం వాడికి ఇష్టం ఉండకపోవచ్చు. అలా ముడుచుకుపోయే పిల్లలు ఉంటారు, వాళ్లకు మళ్లీ నిలబడటమే ఇంకో శిక్ష. అందుకని నేనైతే ముందు విడిగా చెప్పి, ‘క్లాసులో కూడా చెప్పనా, వద్దా?’ అని వాణ్ణే అడుగుతాను. వద్దంటే, పేరు తీయకుండా ‘ఆ సైటు చెప్పినదాన్ని బట్టి మార్కులు వేయడం తప్పు, ఇకమీదట అలా చేయను’ అని క్లాసుకి చెబితే చాలు, ఎవరి గురించో అందరికీ తెలుసు. వాళ్ల నాన్నగారికి మాత్రం మీరే ఫోన్ చేయండి. ఆయన్ని పిలిపించింది మీరే. ఆ రోజు ఇంటికి వెళ్లాక ఏం జరిగిందో మనకు తెలియదు.

మరి ఆ సున్నా? తీసేసి సగటు మార్కు వేయొచ్చు, గొడవ అక్కడితో తీరుతుంది, వాడికి మాత్రం అది దయతో వేసిన మార్కులా కనిపిస్తుంది. ‘నీ రిపోర్టు గురించి ఐదు నిమిషాలు మాట్లాడుకుందాం’ అని కూర్చోబెట్టి, విన్నదాన్ని బట్టి మార్కు వేయొచ్చు, నాకిది నచ్చుతుంది, కానీ ఒక షరతు. వాడొక్కణ్ణే పిలిస్తే అది రెండో విచారణ అవుతుంది. ప్రాజెక్టు ఇచ్చినవాళ్లలో ఓ ఐదారుగురిని అలాగే పిలిచి, వాళ్ల మధ్యలో వాణ్ణీ పిలవండి. స్టీలు గరిటె పిడికి ప్లాస్టిక్ ఎందుకు తొడుగుతారో, రిపోర్టులో లేని ప్రశ్న ఒకటి అడగండి. తడబడుతూ అయినా సొంత మాటల్లో చెప్పాడంటే రాత ఎవరిదైనా చదువు వాడిదే. బంతి పక్కన కిందికి బాణం గీసిన పిల్లవాడు. దిశ కూడా చూపించాలని వాడికి ఎవరు చెప్పారు, మీరే కదా.

ఇక, ‘నేను చేసేదీ మోసమేనా’ అన్న ప్రశ్న. పిల్లలకు వద్దన్నది నేను వాడొచ్చా అని మీరు మిమ్మల్నీ వాళ్లనూ ఒకే తక్కెడలో పెట్టుకుంటున్నారు. ఏరు దాటడమే పని అయితే పడవ ఎక్కొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఈత నేర్చుకోవడం పని అయినప్పుడు పడవ ఎక్కితే నేర్చుకునేదేమీ ఉండదు. మీరు ప్రశ్నపత్రం తయారుచేసేది పేపరు కావాలి కాబట్టి. పిల్లవాడు రిపోర్టు రాసేది రిపోర్టు కావాలని కాదు. ఆ రెండు పేజీలు ఈ ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేదు, రాస్తున్నప్పుడు వాడి బుర్రలో జరిగేదే మనకు కావాలి. అందుకని మీరు వాడితే వాళ్లూ వాడొచ్చు, వాళ్లు వాడకూడదంటే మీరూ వాడకూడదు అనే లెక్క ఇక్కడ నిలవదు.

దీని మీద టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కల మీద జరిగిన పరిశోధన ఒకటుంది, 2024లో బయటికొచ్చింది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, అడిగితే జవాబు చెప్పేస్తుంది. ఇంకొందరికి టీచర్ల సలహాతో మార్చినది ఇచ్చారు, జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇస్తుంది. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ప్రాక్టీసు చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్లు ఏమీ లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు, సూచనలది ఉన్నవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్‌తో ప్రాక్టీసు చేసినవాళ్లు, అసలు ఏ సాయమూ లేనివాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలది వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ అంకెలు కూడా కాదండీ. నష్టపోయిన పిల్లలకు తాము నష్టపోయామని తెలియలేదు. బాగానే చదువుకున్నాం అనుకున్నారు.

కాబట్టి మీ వాడకం వేరు, వాళ్ల వాడకం వేరు. అయితే మీరు వాడే పనులన్నీ కూడా ఒక్క గాటన కట్టేవి కావు. మీరు దానికి అప్పజెప్పిన మూడు పనుల్లో నాకు ఒకదానితో పేచీ లేదు, ఒకదానితో సగం పేచీ, ఒకదానితో పూర్తి పేచీ.

లెసన్ ప్లాన్లు నిశ్చింతగా రాయించుకోండి. ఫైల్లో పెట్టడానికి తప్ప వాటిలో సగం కాలమ్‌లు ఎందుకో నాకు సర్వీసంతా అర్థం కాలేదు.

ప్రశ్నపత్రం, కీ దగ్గర సగం పేచీ. ఆ యాప్ మీ బంతి ప్రశ్నకు ‘సున్నా’ అని ఎందుకు చెప్పిందో ఊహించడం కష్టం కాదు. ఇలాంటి యాప్‌ల వెనక ఉండే ఏఐ మోడళ్లు ప్రధానంగా ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతూ వాక్యం అల్లుతాయి. పైకి విసిరిన బంతి, గరిష్ఠ ఎత్తు అనే మాటల పక్కన ‘సున్నా’ అన్నది కొన్ని వేల పుస్తకాల్లో ఉంటుంది, వేగం గురించి చెబుతూ. మన పిల్లలు చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే, ఇదే కారణంతో. తేడా ఏమిటంటే పిల్లవాడు తప్పు రాసేటప్పుడు కొట్టివేతలుంటాయి, గొంతు తగ్గుతుంది. అది ఒప్పు ఎంత ధీమాగా చెబుతుందో తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది. పాత రోజుల్లో మీరు పేపరు తయారుచేశాక ఒకసారి మీరే విద్యార్థిలా కూర్చుని రాసి చూసుకునేవారు కదా? ఆ ఇరవై నిమిషాలు మాత్రం వదులుకోవద్దు. కీ దాన్ని అడగొద్దు, మీరు రాయండి. మీరు రాశాక కావాలంటే దాని కీతో పోల్చి చూడండి. రెండూ కలవని చోట ఆగండి.

దానికి బదులు ఇంకోటి అడిగి చూడండి: ‘ఈ ప్రశ్నకు తొమ్మిదో తరగతి పిల్లలు ఏయే తప్పు జవాబులు రాసే అవకాశముంది? ఒక్కొక్క తప్పు వెనక వాళ్ల ఆలోచన ఏమై ఉంటుంది?’ ఇందులో అది చాలా పనికొస్తుంది. త్వరణం సున్నా అన్నవాడు వేగాన్నీ త్వరణాన్నీ కలిపేసుకున్నాడు. పైకి వెళ్లేటప్పుడు త్వరణం పైకి ఉంటుందన్నవాడు, కదిలే దిక్కే త్వరణం దిక్కు అనుకుంటున్నాడు. రెండింటికీ మీరు చెప్పాల్సిన మాట వేరు. 2024లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఈ దారిలోనే ఒక ప్రయోగం చేశారు. దాదాపు 900 మంది ట్యూటర్లు, 1,800 మంది పిల్లలు. ఏఐ పిల్లలతో మాట్లాడదు. ట్యూటరుకి మాత్రమే, ఇప్పుడు ఈ పిల్లవాణ్ణి ఏమని అడిగితే బాగుంటుందో సూచిస్తుంది. తీసుకోవడం, మానడం ట్యూటరు ఇష్టం. పాఠం ఒంటబట్టిన పిల్లల శాతం మొత్తం మీద 4 పాయింట్లు పెరిగింది. అంతకుముందు అంత మంచి పేరు లేని ట్యూటర్ల దగ్గర చదివేవాళ్లలో 9 పాయింట్లు పెరిగింది. మీ స్టాఫ్‌రూంలో కొత్తగా చేరిన టీచర్లకు ఇలాంటి వాడకం మీరు నేర్పితే, రూల్సు రాయడంకంటే ఎక్కువ మేలు చేసినవారవుతారు.

ఆ తప్పు కీని పారేయకండి. బోర్డు మీద రాసి, ‘మెషిన్ ఇలా చెప్పింది. ఎక్కడ పొరబడిందో చెప్పండి’ అని క్లాసుని అడగండి. ఆ అమ్మాయి చెప్పేసింది కాబట్టి ఈ ప్రశ్న అయిపోయింది, ఇంకో ప్రశ్న దొరక్కపోదు. మెషిన్ తప్పు పట్టుకోవడం పిల్లలకు మహా సరదా.

ఇక రిమార్కులు. ఇక్కడ నేను మీతో ఏకీభవించలేను. నూట ఇరవై పుస్తకాలంటే ఎంత భారమో తెలిసే అంటున్నాను. ‘నీ ఆలోచనా విధానం ప్రశంసనీయం’ అన్న వాక్యంలో ఏ ఆలోచన ఉంది? ఏ పిల్ల ఉంది? రిమార్కు అంటే, నేను నీ పుస్తకం చదివాను అని పిల్లకు తెలిపే ఒక గుర్తు. చదవకుండా ఆ గుర్తు పెట్టడమే, మీ ఉత్తరంలో మోసం అనే మాట దగ్గరికి వచ్చే పని ఏదైనా ఉంటే. ఆ ఇద్దరు అమ్మాయిలూ నవ్వింది వాక్యాలు ఒకటే అయినందుకు కాదనుకుంటాను. వాళ్లకు విషయం తెలిసిపోయింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా లెక్కల మాస్టారు నా పుస్తకంలో ఒక స్టెప్పు పక్కన ‘ఇక్కడ తొందరపడ్డావు’ అని రాశారు. రెండే మాటలు. ఆయన రాసినవాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే, ఎందుకంటే నేను నిజంగా అక్కడ తొందరపడ్డాను. బయట క్రికెట్ ఆడటానికి పిలుస్తున్నారు.

నూట ఇరవై మందికి నాలుగేసి వాక్యాలు రాయలేరు, రాయక్కర్లేదు కూడా. వారానికి ఒక సెక్షన్ పుస్తకాలు మాత్రమే లోతుగా చూసి, మిగతావాటికి సంతకం పెట్టొచ్చు. తల్లిదండ్రులెవరైనా అడిగితే ‘ఈ వారం మీవాడి సెక్షన్ కాదు’ అని చెప్పాల్సి వస్తుంది, చెప్పండి. లేదా పుస్తకం చదువుతూ మీరు చూసింది ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పుకుంటూ పోయి, దాన్ని వాక్యంగా మార్చే పని యాప్‌కి ఇవ్వొచ్చు. చదివింది మీరే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అది మీ రెండు ముక్కల్ని మళ్లీ ‘ప్రశంసనీయం’ చేసేస్తుంది, చూసుకోండి. నన్నడిగితే, మీ చేత్తో రాసిన వంకర అక్షరాల మూడు మాటలే మేలు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ. రిమార్కుల కోసం పిల్లల పేర్లు, మార్కులు, ‘వీడికి ఇంట్లో ఇబ్బందులున్నాయి’ లాంటి మాటలు కూడా యాప్‌లో పెడుతున్నట్టు ఉత్తరం మధ్యలో అనేశారు. అది ఈ రోజే ఆపేయండి. అవి ఎక్కడ నిల్వ ఉంటాయో, ఎంతకాలం ఉంటాయో మీ చేతిలో లేదు, ఆ పిల్లల్ని మీరు అడగనూ లేదు. ఇందులో మాత్రం ఇంకో దారి ఏదీ చూపించలేను.

యాప్ తీసేసి పాత పద్ధతికి వెళ్లిపోతే? వెళ్లొచ్చు. మనసు తేలికపడుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని, పొద్దున పిల్లల మీద చిరాకుపడే టీచరు తిరిగి వస్తారేమో ఆలోచించండి. నిద్ర చాలిన టీచరు పిల్లలకు చేసే మేలు ఏ పరిశోధనలోనూ లెక్కకు రాదు గానీ, చాలా పెద్దది.

రూల్సు. హెడ్‌మాస్టరు గారు బహుశా ఒక పేజీలో, ‘నిషేధం’ అనో ‘అనుమతి’ అనో ముగించమంటారు. నిషేధం సులువుగా రాసేయొచ్చు. న్యూయార్క్ నగరం ప్రభుత్వ స్కూళ్లు 2023 జనవరిలో తమ నెట్‌వర్క్‌లో చాట్‌జీపీటీని ఆపేశాయి, మే నెలకల్లా వెనక్కి తగ్గాయి. ఇంట్లో ఫోను ఉన్నవాడు ఎలాగూ వాడతాడు, లేనివాడికి, వాడినవాణ్ణి చూసి ఉడుక్కోవడం మిగులుతుంది. పూర్తిగా వదిలేస్తే టర్కీ పిల్లల కథే. ఇంత శాతం వరకు వాడొచ్చు అని రాస్తారేమో, ఆ పని అసలు చేయొద్దు. శాతం కొలవాలంటే మళ్లీ ఆ సైటు దగ్గరికే పోవాలి.

నేను రాస్తే, మొత్తానికి ఒక రూలు కాకుండా ప్రతి పనికీ పైన ఒక లైను రాస్తాను. ఈ పని ఎందుకు ఇస్తున్నాను, ఇందులో ఏఐ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వద్దు. ‘ఈ వ్యాసం మీ చేత్తో, క్లాసులోనే.’ ‘ఈ చాప్టర్‌కి మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి పది ప్రశ్నలు అడగమనండి, జవాబులు మాత్రం పుస్తకం మూసి మీరే చెప్పాలి.’ రెండోది నిజంగా మంచి వాడకం. మళ్లీ మళ్లీ చదువుకునేవాళ్లకంటే పుస్తకం మూసి గుర్తుతెచ్చుకునేవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లోనే ప్రయోగం చేసి చూపించారు. వయసు కూడా చూడండి. 2023లో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాలు, క్లాసులో ఇలాంటివి వాడటానికి కనీసం పదమూడేళ్లు ఉండాలన్నాయి. మీ తొమ్మిదో తరగతి పిల్లలకు ఇబ్బంది లేదు, ఐదో తరగతికి కూడా అవే రూల్సు పెడదామంటే ఒప్పుకోవద్దు.

ఇంటి దగ్గర రాసుకొచ్చే పనికి, రాసినదాని గురించి రెండు నిమిషాలు నోటితో చెప్పించండి. నలభై మందికి రెండేసి నిమిషాలంటే ఎనభై నిమిషాలు, దాదాపు రెండు పీరియడ్లు. ప్రతిసారీ కుదరదు. ఎవరిని పిలుస్తారో ముందు చెప్పకుండా ఎనిమిదేసి మందిని పిలవండి, మిగతావాళ్లు కూడా సిద్ధంగా వస్తారు. ‘ఏఐ ఎక్కడ వాడానో’ చివర్లో ఒక వాక్యం రాయమనొచ్చు. అలా రాసినవాడికి మార్కు తగ్గించారో, వచ్చే నెల నుంచి ఎవరూ రాయరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

మీరు వాడుతున్నట్టు పిల్లలకు చెప్పాలా అని రెండుసార్లు అడిగారు. చెప్పకపోయినా జరిగిపోతుంది. వాళ్లకు ఎలాగూ తెలుసు, మీరు చెప్పలేదన్న సంగతీ వాళ్లకు తెలుస్తుంది. చెబితే ఒకడు వెనక బెంచీ నుంచి ‘మరి మేము?’ అంటాడు. పడవా ఈతా ఉన్నాయి కదా, చెప్పండి. వాదించేవాళ్లు వాదిస్తారు. అందులో ఒకరిద్దరు మిమ్మల్ని ఇరుకున పెట్టే మాట కూడా అంటారు, ఆ వాదన పాఠంకంటే బాగా సాగొచ్చు. మీరూ అదే వాక్యం రాసే అలవాటు చేసుకోవచ్చు, ప్రశ్నపత్రం అడుగున చిన్న అక్షరాల్లో: ‘ప్రశ్నలకు ఏఐ సాయం తీసుకున్నాను. కీ నేను రాశాను.’

ఆ అబ్బాయి పేపరు మళ్లీ దిద్ది మార్కు కలిపానని రాశారు. ఇంటూ మార్కు మీద రైటు కొట్టారా, పక్కన వేరే అంకె వేసి ఊరుకున్నారా అన్నది రాయలేదు. ఇంకా మీ దగ్గరే ఉంటే, ఆ చిన్న బాణం పక్కన మీ చేత్తో ఏదైనా ఒక మాట రాసి ఇవ్వండి. వాడు చదివి ఏమన్నాడో, ఏమీ అనకపోతే అదైనా, వీలుంటే నాకు రాయండి.